నిద్ర మూలికలు – మన కలలు



పరీక్షల నెల వచ్చిందంటే మన హాస్టళ్లలో రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి "నిద్ర పట్టడం లేదు". రెండోది "రాత్రి పిచ్చి కలలొచ్చాయి". మొదటి మాటకు సలహా చెప్పేవాళ్లు గదికి పదిమంది ఉంటారు. పాలల్లో గసగసాలు నూరి తాగమని ఒకరు, జాజికాయ అరగదీసి నాకమని ఒకరు, అశ్వగంధ పొడి తెప్పించుకోమని ఇంకొకరు చెబుతారు. "మూలికే కదా, ఏమీ కాదు" అని అందరూ ధైర్యం చెబుతారు. నాలుగు రోజులు వాడిన తర్వాత ఆ విద్యార్థికి ఎన్నడూ లేని కలలు మొదలైతే మాత్రం తప్పు ఆ పొడి మీదికి పోదు. హాస్టల్ వెనక చింతచెట్టు మీదికి పోతుంది. లేకపోతే ఎప్పుడో చనిపోయిన ఎవరి పేరో బయటికి వస్తుంది. భయపడి ఇంటికి వెళ్లిపోయి, పరీక్షలకు కూడా తిరిగి రాని విద్యార్థుల సంగతి పాత బోర్డర్లందరికీ తెలిసినదే.

మూలికకూ కలకూ సంబంధం ఉందా? ఉంది. అయితే మనం అనుకునే సంబంధం కాదు. ఏ మూలికా మన తలలోకి కొత్త కలను తెచ్చి పెట్టదు. కల మన మెదడు సొంత పని. ఆ పని జరిగే సమయాన్నీ, కొలతనూ కొన్ని మూలికలు మారుస్తాయి. ఈ ఒక్క విషయం అర్థమైతే భయం సగం పోతుంది, జాగ్రత్త రెట్టింపవుతుంది.

కల ఎప్పుడు వస్తుంది?

రాత్రంతా మనం ఒకే రకంగా నిద్రపోము. 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విషయం ప్రకటించారు. నిద్రపోతున్న మనిషి కనురెప్పల కింద కనుగుడ్లు కొంతసేపు అటూ ఇటూ వేగంగా కదులుతాయి, ఆ తర్వాత ఆగిపోతాయి. రాత్రిలో ఇలా చాలాసార్లు జరుగుతుంది. ఈ కనుగుడ్లు కదిలే నిద్రకు 'రెమ్ నిద్ర' అని పేరు పెట్టారు. మనం దీన్ని కలల నిద్ర అనుకుందాం.

1957లో క్లైట్‌మన్, ఆయన శిష్యుడు డిమెంట్ కలిసి ఇంకో పరీక్ష చేశారు. కలల నిద్రలో ఉన్నప్పుడు మనుషుల్ని లేపి అడిగితే 100కి 80 సార్లు కల చెప్పగలిగారు. మిగతా నిద్రలో లేపితే 100కి 7 సార్లే చెప్పగలిగారు. మిగతా నిద్రలో కూడా కలలు వస్తాయని తర్వాత తేలింది కానీ, కథలాగా సాగే, రంగురంగుల, భయపెట్టే కలలు ఎక్కువగా ఈ కలల నిద్రలోనే వస్తాయి.

నిద్ర ఒక చక్రంలాగా తిరుగుతుంది. ముందు తేలిక నిద్ర, తర్వాత గాఢ నిద్ర, ఆ తర్వాత కలల నిద్ర. ఒక చక్రం తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు చక్రాలు తిరుగుతాయి. మొదటి చక్రంలో కలల నిద్ర కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారుజామున చివరి చక్రాల్లో అది అరగంట దాకా సాగుతుంది. మొత్తం మీద పెద్దవాళ్ల నిద్రలో 20 నుంచి 25 శాతం కలల నిద్రే. అంటే కలల్లో ఎక్కువ భాగం మన అయిదు గంటల స్టడీ బెల్లుకు ముందే ఉంటాయన్న మాట. తెల్లవారుజాము కల గుర్తుండటానికి కారణం కూడా ఇదే. కల మధ్యలోనే బెల్లు మోగుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కలల నిద్రలో మెదడు మన చేతులకూ కాళ్లకూ తాళం వేస్తుంది. కళ్లు కదులుతాయి, ఊపిరి ఆడుతుంది, మిగతా కండరాలు సడలిపోతాయి. లేకపోతే కలలో పరుగెత్తినవాడు నిజంగానే మంచం దిగి పరుగెత్తేవాడు. ఈ తాళం సంగతి గుర్తుంచుకోండి. దీంతో తర్వాత పని ఉంది.

కలలో దొరికిన రసాయనం

మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపాలంటే కొన్ని రసాయనాలు కావాలి. వాటిలో మొట్టమొదట కనిపెట్టింది ఎసిటైల్ కోలిన్. ఇది ఎలా దొరికిందో తెలుసా? కలలోనే!

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవి అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఒక రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగం తోచింది. సగం నిద్రలోనే లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తను రాసింది తనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి మళ్లీ అదే కల వచ్చింది. ఈసారి ఆగకుండా లేచి ప్రయోగశాలకు వెళ్లాడు. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒక గుండె నరాన్ని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవం తీసి రెండో గుండె మీద పోస్తే అది కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో రసాయనాన్ని విడిచిపెడుతోంది. ఈ ఫలితం 1921లో అచ్చయింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవికి నోబెల్ బహుమతి వచ్చింది.

విచిత్రమేమిటంటే, కలలో తెలిసిన ఆ రసాయనమే కలలను నడిపే ముఖ్య రసాయనమని తర్వాతి శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. కలల నిద్ర మొదలయ్యేటప్పుడు మెదడులో ఎసిటైల్ కోలిన్ పెరుగుతుంది. మనం మెలకువగా, చురుగ్గా ఉండటానికి తోడ్పడే సెరటోనిన్, నార్ అడ్రినలిన్ అనే మరో రెండు రసాయనాలను విడుదల చేసే కణాలు ఆ సమయంలో దాదాపు మూగబోతాయి. దీన్ని ఒక త్రాసు అనుకోండి. ఒక తట్ట పైకి లేస్తే రెండో తట్ట కిందికి దిగుతుంది. ఏ మూలిక ఈ త్రాసు మీద చేయి వేసినా కలలు మారతాయి. ఇక ఒక్కో మూలికనూ చూద్దాం.

ఉమ్మెత్త: కల కాదు, మతిభ్రమ

చెత్తకుప్పల దగ్గర, పాడుబడ్డ గోడల పక్కన పెరిగే ఉమ్మెత్త మీ అందరికీ తెలుసు. దీని గింజల్లో, ఆకుల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషపదార్థాలు ఉంటాయి. ఇవి ఎసిటైల్ కోలిన్ పనిని అడ్డుకుంటాయి. స్కోపోలమిన్ ఇచ్చి నిద్రను పరీక్షించినప్పుడు కలల నిద్ర ఆలస్యంగా మొదలై తగ్గిపోయినట్టు తేలింది.

మరి ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లు ఏవేవో చూశామని చెబుతారు కదా? అది కల కాదు. మనిషి మెలకువగా ఉండగానే మతి తప్పడం. నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేరు, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం రాదు. గాలిలో దేన్నో పట్టుకోబోతారు, లేని మనిషితో మాట్లాడతారు. తర్వాత అడిగితే చాలామందికి ఏమీ గుర్తుండదు. ప్రాణం కూడా పోవచ్చు. 2020 ఏప్రిల్‌లో కరోనాకు మందని ఒక వీడియోలో చూసి, చిత్తూరు జిల్లాలో కొందరు ఉమ్మెత్త కాయలు నూరి తాగి ఆసుపత్రి పాలయ్యారు.

పందెం కోసమో, నిద్ర కోసమో, సరదాకో, ఏ కారణంతోనైనా ఉమ్మెత్తను నోట పెట్టవద్దు. ఎవరైనా తిన్నారని తెలిస్తే దయ్యం పట్టిందని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏం తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. దొరికితే ఆ కాయను కూడా వెంట తీసుకెళ్లండి.

దీనికి సరిగ్గా ఎదురుగా పనిచేసేది గాలంటమిన్. చలిదేశాల్లో మంచు కరిగే వేళ పూసే స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్క దుంపలో ఇది దొరుకుతుంది. ఎసిటైల్ కోలిన్ త్వరగా నశించిపోకుండా కాపాడుతుంది. ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బుకు దీన్ని డాక్టర్లు ఇస్తారు. 2018లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో 121 మందికి నడిరాత్రి లేపి దీన్ని ఇచ్చారు. వీళ్లంతా తమ కలలను గుర్తుపెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు. "ఇది కల" అని కలలోనే తెలుసుకోగలిగినవాళ్లు ఉత్తుత్తి మాత్రతో 14 శాతం, 4 మిల్లీగ్రాములతో 27 శాతం, 8 మిల్లీగ్రాములతో 42 శాతం మంది. మొక్కలోని పదార్థం కలను మార్చగలదు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు అరుదు. అయితే ఇది డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందు. వికారం, గుండె వేగం తగ్గడం లాంటి ఇబ్బందులు తెస్తుంది. కలల కోసం వాడేది కాదు.

సర్పగంధి: నిద్రనిచ్చి నిబ్బరం తీసే వేరు

మన దేశపు మూలికల్లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది సర్పగంధి వేరు. బీహారు ప్రాంతంలో దీన్ని 'పాగల్ కీ దవా' అనేవారు. అంటే పిచ్చికి మందు. నిద్రపట్టనివాళ్లకు, కలవరపడేవాళ్లకు తరతరాలుగా ఇచ్చేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు పిచ్చికీ, రక్తపోటుకూ ఇది పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దీని మీద ఒక బ్రిటిష్ పత్రికలో వ్యాసం ప్రచురించాక విదేశాలన్నీ ఇటు చూశాయి. 1952లో స్విట్జర్లాండులో ఈ వేరు నుంచి రెసర్పిన్ అనే మందును వేరుచేశారు.

రెసర్పిన్ ఏం చేస్తుంది? మెదడు కణాల్లో సెరటోనిన్, నార్ అడ్రినలిన్‌లను దాచుకునే సంచులు నిండకుండా చేస్తుంది. నిల్వలు ఖాళీ అవుతాయి. త్రాసులో ఒక తట్ట తేలిపోతుంది. మనుషుల మీద పరీక్షించినప్పుడు కలల నిద్ర పెరిగినట్టు కనిపించింది. పీడకలలు, దిగులు దీని దుష్ఫలితాల జాబితాలో చేరాయి. నిద్ర ఇచ్చే వేరే రాత్రిని భయంతో నింపగలదు, పగటిని దిగులుతో నింపగలదు.

కాబట్టి నిద్ర కోసమని ఎవరైనా వేరు పొడి ఇస్తే ముందు అందులో ఏముందో అడగాలి. సర్పగంధి ఉంటే డాక్టరు లేకుండా ముట్టుకోకూడదు. ఇప్పటికే దిగులుగా ఉన్నవాళ్లు అసలే వాడకూడదు.

గంజాయి, నల్లమందు: అప్పు తీర్చమనే కలలు

గంజాయి కూడా ఆకే. "నిద్ర బాగా పడుతుంది, కలలే రావు" అని వాడినవాళ్లు చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. గంజాయిలోని మత్తు పదార్థం కలల నిద్రను తగ్గిస్తుంది. కానీ మెదడు లెక్క రాసుకుంటుంది. వాడటం ఆపిన కొన్ని రోజులకు ఆపి ఉంచిన కలల నిద్ర వరదలాగా తిరిగి వస్తుంది. చాలా స్పష్టమైన, చెమటలు పట్టించే కలలు వారాల తరబడి వస్తాయి. దానికి భయపడి మళ్లీ గంజాయి దగ్గరికి వెళ్లేవాళ్లు ఉన్నారు. కలలు రావడం మెదడు కోలుకుంటోందనడానికి గుర్తు. అవి తగ్గిపోతాయి, ఓపిక పట్టాలి. సారా, బీరు సంగతీ ఇలాంటిదే. రాత్రి మొదటి సగంలో కలల్ని అణిచి, రెండో సగంలో నిద్రను చెదరగొడతాయి.

1985 నాటి మత్తుమందుల చట్టం కింద గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. మన హాస్టల్లో చదివే విద్యార్థి వెనక పలుకుబడి ఉన్నవాళ్లెవరూ ఉండరు. చదువు ఒక్కటే ఆస్తి. ఒక్క కేసు పడితే ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఉద్యోగం ఆశ కూలిపోతుంది.

నల్లమందు గసగసాల మొక్క కాయ పాల నుంచి వస్తుంది. 1805 ప్రాంతంలో జర్మనీకి చెందిన సెర్టూర్నర్ నల్లమందు నుంచి ముఖ్య పదార్థాన్ని వేరుచేసి, గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు మీద దానికి పేరు పెట్టాడు. అదే మార్ఫిన్. పేరు కలల దేవుడిది గానీ, నిద్ర పరీక్షల్లో మాత్రం మార్ఫిన్ కలల నిద్రనూ, గాఢ నిద్రనూ రెండింటినీ తగ్గిస్తుందని తేలింది.

మరి మనం వండుకునే గసగసాల సంగతి? గింజలో మార్ఫిన్ చాలా తక్కువ. కోడికూరలో వేసే కొలతకు నిద్రా రాదు, కలా రాదు. కానీ గింజలు ఎక్కువగా నానబెట్టి ఆ నీళ్లు తాగడం ప్రమాదం. పై పొట్టుకు అంటిన మార్ఫిన్ అంతా నీళ్లలోకి దిగుతుంది. విదేశాల్లో ఇలా చనిపోయినవాళ్లు ఉన్నారు. ఇంకో మాట. దుబాయి, సౌదీ వెళ్లే మన పూర్వ విద్యార్థులు పెట్టెలో గసగసాలు పెట్టుకోవద్దు. అక్కడ అవి నిషేధం.

అశ్వగంధ, తగర, జాజికాయ, మాచిపత్రి

అశ్వగంధను మన పల్లెల్లో పెన్నేరు గడ్డ అంటారు. 2019లో మన దేశంలో నిద్రలేమి ఉన్న 60 మంది మీద చేసిన ఒక ప్రయోగంలో 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 10 వారాలు ఇస్తే నిద్ర త్వరగా పట్టింది. 2017లో జపాన్‌లో ఎలుకల మీద పరీక్షిస్తే దీని ఆకులోని ఒక పదార్థం మామూలు నిద్రను పెంచింది. కలల నిద్రలో వచ్చిన మార్పు స్వల్పమే. కాబట్టి అశ్వగంధ వాడి కలలు మారాయని చెప్పేవాళ్లకు కారణం ఎక్కువసేపు నిద్రపోవడమే కావచ్చు. మేలు ఉందని ఇష్టం వచ్చినట్టు తినకూడదు. కొద్దిమందికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సంగతులు ఐస్‌లాండ్, అమెరికా, మన దేశం నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించింది.

తగర వేరు హిమాలయాల నుంచి వస్తుంది. దీని అన్నదమ్ముల్లాంటి వలేరియన్ వేరును ఐరోపాలో నిద్ర కోసం విరివిగా వాడతారు. వాడినవాళ్లలో కొందరు స్పష్టమైన కలలు వచ్చాయని చెప్పారు. కానీ నిద్రలేమికి ఇది పనిచేస్తుందన్న రుజువు బలహీనంగా ఉందని, కాబట్టి వాడమని చెప్పలేమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో తేల్చింది.

జాజికాయను మన ఇళ్లలో సానరాయి మీద అరగదీసి పసిపిల్లలకు నాకిస్తారు. అది మంచి అలవాటు కాదు. జాజికాయలో మిరిస్టిసిన్ అనే నూనె పదార్థం ఉంది. కూరలో వేసే చిటికెడు పొడితో ఇబ్బంది లేదు. 5 గ్రాములు, అంటే దాదాపు ఒక కాయ తింటే గుండెదడ, వాంతులు, నోరు ఎండటం, లేనివి కనిపించడం మొదలవుతాయి. పైగా దీని ప్రభావం వెంటనే తెలియదు. మూడు నాలుగు గంటలో, ఇంకా ఎక్కువో పడుతుంది. "పనిచేయలేదు" అనుకుని ఇంకొంచెం తినేవాళ్లే ఆసుపత్రికి చేరతారు.

వినాయక చవితి పత్రిలో ముందుగా పేరు చెప్పే మాచిపత్రి ఉంది కదా, దాని జాతి ఆకునే కొన్ని పాశ్చాత్య దేశాల్లో 'కలల ఆకు' అని తలగడ కింద పెట్టుకుంటారు. ఇది నమ్మకమే గానీ పరీక్షించి నిరూపించిన విషయం కాదు. ఘాటైన వాసనకు మధ్యమధ్యలో మెలకువ వచ్చి కల గుర్తుండటం మాత్రం జరగవచ్చు.

కలలు పెరిగాయా, గుర్తున్నాయా?

ఇక్కడ ఒక చిక్కు విప్పుకోవాలి. మందు వేసుకున్న మర్నాడు "కలలు ఎక్కువయ్యాయి" అంటాం. నిజంగా ఎక్కువయ్యాయా? మూడు కారణాలు ఉండవచ్చు.

ఒకటి, నిద్ర పొడిగింది. నాలుగు గంటలు పడుకునేవాడు ఏడు గంటలు పడుకుంటే తెల్లవారుజాము చక్రాలు కలుస్తాయి. వాటిలోనే కలలెక్కువ. అంటే అది నిద్ర బాగుపడిన గుర్తు.

రెండు, మధ్యలో మెలకువ వచ్చింది. కల జరుగుతుండగా లేస్తేనే గుర్తుంటుంది. పాలు, కషాయం ఎక్కువగా తాగి మూత్రానికి లేచినవాడికి కూడా కలలు ఎక్కువ గుర్తుంటాయి!

మూడు, ఎదురుచూశాం. "దీంతో కలలు వస్తాయట" అని ఎవరో చెప్పాక పడుకుంటే పొద్దున్నే ముందు కలనే వెతుక్కుంటాం. వెతికితే దొరుకుతుంది. పైన చెప్పిన ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా 14 శాతం మందికి ఫలితం కనిపించడం మరిచిపోవద్దు.

"చెట్టు నుంచి వచ్చిందే కదా!"

ఉమ్మెత్త చెట్టు నుంచే వచ్చింది. గంజాయీ అంతే. మూలికకూ ఇంగ్లీషు మందుకూ తేడా మంచి చెడులది కాదు. మాత్ర మీద కొలత రాసి ఉంటుంది. వేరు మీద రాసి ఉండదు. ఒకే మొక్క నేలను బట్టి, కాలాన్ని బట్టి బలం మారుతుంది. పొడి కొట్టాక అది ఏ వేరో కంటితో చెప్పలేం.

కల్లు ఉదాహరణే చూడండి. చెట్టు కల్లు అని నమ్మి తాగిన తెలంగాణ పేదలకు చాలాచోట్ల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు అమ్మారు. ఇవన్నీ నిద్ర మందులే. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం నిద్ర పట్టక, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపించి ఆసుపత్రులకు చేరారు. అప్పటిదాకా వాళ్లు తాగింది చెట్టు రసమనే అనుకున్నారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు మళ్లీ ప్రాణాలు పోయాయి. పేరు తెలియని పొడి, లేబుల్ లేని సీసా విషయంలో ఇదే పాఠం.

గుండెల మీద కూర్చున్న దయ్యం

ఇప్పుడు ముందు చెప్పిన తాళం సంగతికి వద్దాం. ఒక్కోసారి కలల నిద్ర ముగియకముందే మెలకువ వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి, గది కనిపిస్తుంది. కానీ చేతులకూ కాళ్లకూ వేసిన తాళం ఇంకా తీయలేదు. కదలలేం, అరవలేం. సగం కల ఇంకా నడుస్తూనే ఉంటుంది కనుక ఎవరో గదిలో ఉన్నట్టు, గుండెల మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది. కొన్ని క్షణాల్లో, మహా అయితే కొద్ది నిమిషాల్లో తాళం ఊడిపోతుంది. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. పేరు భయంకరమే గానీ దీంతో ప్రాణభయం లేదు.

2011లో 35 అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవాళ్లు మామూలు జనంలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో సుమారు 28 శాతం ఉన్నారు. విద్యార్థుల్లో ఎందుకు ఎక్కువ? నిద్ర తక్కువ, వేళ తప్పిన పడక, పరీక్షల ఆందోళన. వెల్లకిలా పడుకుంటే కూడా ఎక్కువగా వస్తుంది. దయ్యాలు హాస్టళ్లనే ఎందుకు పట్టుకుంటాయో ఇప్పుడు అర్థమైంది కదా! మీ గదిలో ఎవరికైనా ఇలా జరిగితే నవ్వవద్దు, భూతవైద్యుడి దగ్గరికి పంపవద్దు. పక్కన కూర్చుని భుజం తట్టండి. ఎందుకు జరిగిందో చెప్పండి.

మనం చేయగలిగింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. హాల్లో వరసగా జంపఖానాలు పరుచుకుని, లైటు వెలుగుతుండగా, దోమల మధ్య పడుకునేవాళ్లకు అది తేలిక కాదని పాత బోర్డర్లకు తెలుసు. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

రాత్రి పన్నెండుకు పడుకుని నాలుగింటికి లేస్తే రెండున్నర చక్రాలే తిరుగుతాయి. చదివింది మనసులో కుదురుకోవడానికి గాఢ నిద్రా కావాలి, కలల నిద్రా కావాలి. నాలుగు గంటల నిద్రలో ఎక్కువగా పోయేది తెల్లవారుజాము వాటా. పరీక్ష ముందు రాత్రంతా మేలుకుని చదవడం ఒక చేత్తో రాసి రెండో చేత్తో తుడుచుకోవడమే. రోజూ ఒకే వేళకు పడుకోండి. సాయంత్రం తర్వాత టీ మానండి. దోమతెరల కోసం, లైట్లార్పే వేళ కోసం అందరూ కలిసి వార్డెన్‌గారిని అడగండి. అది గొంతెమ్మ కోరిక కాదు, చదువుకు కావలసిన వస్తువే.

ఒకే పీడకల మళ్లీ మళ్లీ వస్తుంటే మందు లేని చికిత్స ఒకటి ఉంది. పగటిపూట నోట్‌బుక్కులో ఆ కలను రాయండి. ముగింపును మీకు నచ్చినట్టు మార్చి రాయండి. మార్చిన కలను రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని తలుచుకోండి. నిద్ర వైద్యులు పీడకలలకు సిఫారసు చేసే పద్ధతే ఇది. ఖర్చు ఒక కాగితం.

ఏదైనా పొడి, కషాయం ఇప్పటికే వాడుతుంటే దాని పేరు, కొలత రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఫిట్స్ మందులు, మానసిక జబ్బు మందులు వాడేవాళ్లు వాటితోపాటు ఏ నిద్ర మూలికా కలపకూడదు. మూడు వారాలు దాటినా నిద్ర రాకపోయినా, చావాలనిపించే దిగులు ఉన్నా అది మూలికలతో పోయేది కాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరును నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మన అమ్మానాన్నలు పగలంతా కూలి చేసి వచ్చి, పడుకున్న నిమిషంలో నిద్రపోయేవాళ్లు. వాళ్ల నిద్ర మనకెందుకు రావడం లేదని చాలామంది పిల్లలు మథనపడతారు. వాళ్ల ఒళ్లు అలిసేది, మీ మనసు అలుస్తోంది. మనసు అలసటకు వేరు, ఆకు కన్నా ముందు కావలసింది సమయానికి పడక, నమ్మకంగా మాట్లాడే ఒక స్నేహితుడు. ఆ రెండూ ఒకరికొకరం ఇచ్చుకోగలిగినవే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
ఒక పూర్వ విద్యార్థి